ఉప్పు ఎగిరిపోదు

కీలుంగ్ రేవుకి ఎదురుగా నాలుగో అంతస్తులో ఇల్లు. ఆదివారం పొద్దున్న, వాన. ఒంటరిగా ఉంటున్న బీ-యూన్ ఫోన్లో మాట్లాడుతోంది. అవతలి వైపు, పెంపుడు చేపల కొట్టు గావ్.

"అది కాదు తమ్ముడూ, నువ్వు నా మాట వినడం లేదు. మా కోడలు పేయ్‌షాన్ బయల్దేరింది. మధ్యాహ్నానికి ఇక్కడుంటుంది."

"వింటున్నానక్కా. చేతిలో వల ఉంది, చేప జారిపోతోంది. ఊఁ, చెప్పండి."

"ముక్క కావాలట. తన తొట్టిలో ఉన్న పగడం ముడుచుకుపోతోందట. ఇక్కడున్న అసలుదాన్నుంచి ఇంకో ముక్క కోసివ్వమంటోంది."

"కోసివ్వండి. పగడాలు పెంచేవాళ్ళలో పద్ధతే అది. మీ అబ్బాయి ఉన్నప్పుడు ఊళ్ళో అందరికీ పంచాడు. ఎవరింట్లో పోయినా ఇంకొకరింట్లో బతికుంటుంది, అడిగితే తిరిగి ముక్క ఇస్తారు. అందుకేగా పంచుకునేది."

"ఏ అసలుది కోసివ్వను? అసలుది ఎక్కడుంది?"

"అదేంటి, మీ ఇంట్లో... అయ్యో."

"గుర్తొచ్చిందా?"

"వచ్చింది. ఇప్పుడున్నది మీరు నా దగ్గర కొన్నది."

"మెల్లిగా. కొట్లో ఎవరైనా ఉన్నారా?"

"చేపలున్నాయి."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"అది కాదక్కా. అదీ పుట్టగొడుగు పగడమే. అదే కాడ, అదే గొడుగు, అదే రంగు. మీకోసం ఏరి ఏరి తెప్పించాను. ఓ ముక్క కోసి ఆ అమ్మాయి చేతిలో పెట్టండి. ఎవరికి తెలుస్తుంది?"

"నీలం లైటు వేస్తే తెలుస్తుంది. మా బో-హోంగ్ పెంచింది పచ్చగా వెలిగేది. గొడుగు మీద వేళ్ళలా ఉంటాయే, వాటి చివర్లన్నీ వెలిగేవి. ఇది వెలగదు. వంకాయ ముక్కలా ఉంటుంది."

"అయితే లైటు వేయకండి. బల్బు పోయిందనండి."

"ఇంటికెళ్ళి వేసుకుంటుందిగా."

"కోసిన ముక్క కొన్నాళ్ళు ముడుచుకునే ఉంటుంది. వెలగడం లేదేమని అడిగితే కోత దెబ్బ అనండి. మళ్ళీ అడిగితే నీళ్ళు మారాయి కదా అనండి."

"మళ్ళీ అడిగితే?"

"మళ్ళీ అంటే... ఎన్నని చెప్పనక్కా. నిజం చెప్పేయండి. పోయింది, ఏం చేస్తాం. మీవాడు నాకిచ్చిన ముక్క కూడా పోయిన ఎండాకాలం పోయింది. నేనేమైనా ఏడ్చానా?"

"ఏడ్చావు. మా ఇంటికొచ్చి మరీ ఏడ్చావు."

"అది వేరే సంగతి."

"నిజం చెప్తే ఎలా పోయిందని అడుగుతుంది."

"చెప్పండి. నీళ్ళు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళు పోశానని చెప్పండి. కొత్తవాళ్ళంతా చేసేదేగా. సముద్రంలో బతికేది కాబట్టి ఉప్పునీళ్ళే పోయాలనుకుంటారు. ఎగిరిపోయేది నీళ్ళు, ఉప్పు ఎగిరిపోదని ఎవరికి తడుతుంది? పోసిన కొద్దీ ఉప్పెక్కి, లోపలున్నది ఊరగాయ అవుతుంది. అవునూ, అప్పుడే అడుగుదామనుకున్నాను, ఉప్పునీళ్ళు పోయమని మీకెవరు చెప్పారసలు?"

"ఎవరో చెప్పార్లే."

"ఎవరు?"

"ఎవరూ లేదు. నాకే తోచింది."

"ఇప్పుడేగా ఎవరో చెప్పారన్నారు?"

"నీ చేప జారిపోతోందన్నావు, దాని సంగతి చూసుకో."

"కోపం ఎందుకక్కా. కోడలేగా, దాచుకునేదేముంది."

"కోడలు తైచుంగ్ వెళ్ళిపోయి రెండేళ్ళు దాటింది. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. పగడం విచ్చుకుందా అంటుంది. విచ్చుకుందంటాను. వేళ్ళు ఎంత పొడుగొచ్చాయి అంటుంది. చెప్తాను. గొడుగు ఎటు వాలింది అంటుంది. చెప్తాను. మాకు ఇంకో మాట లేదు తమ్ముడూ. అది లేదని చెప్పేస్తే వచ్చే ఆదివారం నన్నేం అడుగుతుంది?"

"వంటేం చేశారని అడుగుతుంది."

"ఒక్కదాని వంటలో చెప్పడానికేముంటుంది. గావ్? చేప దొరికిందా?"

"లేదక్కా."

మధ్యాహ్నం. వాన తగ్గలేదు. గుమ్మంలో పేయ్‌షాన్, చేతుల్లో మూత బిగించిన థర్మోకోల్ డబ్బా.

"గొడుగు బయటే పెట్టు. ఆ చెప్పులు కాదు, అవి చుట్టాలవి. నీవి కింది అరలో ఉన్నాయి."

"నావి ఇంకా ఉంచారా పిన్నీ?"

"ఏమన్నావు?"

"చెప్పులు..."

"చెప్పుల సంగతి కాదు. పిన్ని ఎవరు?"

"అంటే... ఏమని పిలవాలో తెలీక."

"ఫోన్లో అసలేమీ పిలవవు. హలో, తిన్నారా అంటావు. సరే, ఫోను కదా అనుకున్నాను. పెళ్ళిరోజున టీ కప్పు రెండు చేతులా పట్టుకుని అమ్మా అన్నావు. అన్నందుకు డబ్బులు పెట్టిన ఎర్ర కవరు తీసుకున్నావు."

"ఇప్పుడు కవరు తిరిగిచ్చెయ్యమంటారా?"

"ఎక్కడుంది ఇవ్వడానికి. వాడు దాంతో ఈ తొట్టికి పంపు కొన్నాడు. ఇదిగో, గుర్రుమంటోందే, అదే."

"ఇంకా అదే నడుస్తోందా?"

"ఆపితే నాకు నిద్ర పట్టదు. ఆ డబ్బా ఇటివ్వు, బల్ల మీద పెడతాను."

"వద్దు, నా దగ్గరే ఉండనీయండి. ఖాళీదే."

"ఖాళీ డబ్బాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావేం?"

"తడిసింది. జారుతుందని."

"సరే, కుర్చీలో పెట్టు. ముందు వాడి ఫొటో ముందు అగరొత్తి వెలిగించు. అగ్గిపెట్టె ఆ పళ్ళెం వెనక."

"వెలిగించాను."

"ఏం చెప్పావు?"

"వచ్చానని చెప్పాను."

"అంతేనా?"

"అంతే. తడిసి వచ్చానని చెప్పాను."

"వాడూ అంతే, ఎప్పుడూ తడిసే వచ్చేవాడు. కూర్చో. చేప ఉండల పులుసు చేశాను. నూడుల్స్ ఇప్పుడే వేస్తాను."

"ముందు దాన్ని చూస్తాను."

"ఎక్కడికి పోతుంది. తిని చూడు."

"పొద్దున తిన్నాను పిన్నీ. ఆకలి లేదు."

"మళ్ళీ పిన్నీ. సరే చూడు. బాగుందా?"

"బాగుంది."

"బాగుంది కదా?"

"గొడుగు పెద్దదైంది. వేళ్ళన్నీ బయటికొచ్చి ఊగుతున్నాయి."

"ఊగుతాయి. పొద్దున్నయితే ఇంకా పొడుగ్గా ఉంటాయి. సాయంత్రం చెత్త బండి పాట వినిపిస్తుందా, అప్పటికి మెల్లిగా లోపలికి పోతాయి. నేను చెత్త సంచి పట్టుకుని కిందికి దిగుతాను. అక్కడ నలుగురు కనిపిస్తారు, వానో వాన అనుకుంటాం, బండెళ్ళిపోతుంది. పైకొచ్చేసరికి ఇది పడుకుని ఉంటుంది."

"నీలం లైటు వేయనా?"

"బల్బు పోయింది."

"ఎప్పుడు?"

"నిన్న."

"మొన్న మీరు పంపిన ఫొటోలో పచ్చగా వెలుగుతోంది."

"మొన్న ఉంది. నిన్న పోయింది. గావ్‌కి చెప్పాను, తెస్తానన్నాడు. వాడికి ఏదీ త్వరగా తెమలదు."

"ఆ ఫొటోలో పసుపు చేప కూడా ఉంది. ఏది, కనపడదే?"

"ఏ పసుపు చేప?"

"రాయి పక్కనుంది, చిన్నది."

"ఆ, అదా. దాక్కుంది. నువ్వు చాలా రోజులకొచ్చావుగా, సిగ్గుపడుతోంది."

"ఓహో."

"పిలిచినా రాదు. మొండిది."

"నీళ్ళు కొంచెం తగ్గినట్టున్నాయే. ఈ గీత దాకా ఉండాలి కదా?"

"పోస్తాను. మంచినీళ్ళే పోస్తాను. వడకట్టిన మంచినీళ్ళు, ఆ నీలం డబ్బాలోవి. ఉప్పునీళ్ళు పోయకూడదు. నువ్వు కూడా పోయవు కదా?"

"పోయను."

"పోయకు. ఎగిరిపోయేది నీళ్ళే..."

"ఉప్పు ఎగిరిపోదు."

"ఆఁ. తెలుసు కదా. మంచినీళ్ళే పోయాలి. ఎంత తగ్గినా మంచినీళ్ళే."

"ఇది మీకు ఆయన చెప్పారా?"

"వాడా? వాడు నన్ను ముట్టుకోనిచ్చేవాడా. నీ చేతికి వంట నూనె ఉంటుందమ్మా, దూరం జరుగు అనేవాడు. ఈ గదిలోకి వస్తే గుమ్మంలోనే నిలబడేదాన్ని. ఇప్పుడు చూడు, మోచేతి దాకా ముంచేస్తున్నాను. అడిగేవాడు లేడు."

"మరెవరు చెప్పారు?"

"గావ్. వాడికేం పని, ఏదో ఒకటి చెప్తుంటాడు. ఉండు, వాన జల్లు లోపలికి కొడుతోంది, కిటికీ వేస్తాను."

"నేను వేస్తానుండండి."

"వేశాను. అదేంటి, ఆ తెల్ల కారు ఇంకా అక్కడే ఉంది. నువ్వు రాక ముందు లేదు. అద్దం తుడుపు అటూ ఇటూ ఆడుతూనే ఉంది. లోపల మనిషున్నాడు."

"ఎవరో అయ్యుంటారు."

"నువ్వు రైల్లో వచ్చావు కదా?"

"ఊఁ."

"రైల్లో వచ్చినదానివి, స్టేషన్ నుంచి నడిచొస్తే మోకాళ్ళ దాకా తడవాలి. నీకు భుజం ఒక్కటే తడిసింది."

"పిన్నీ..."

"చెప్పు."

"కారులోనే వచ్చాను."

"ఊఁ."

"ఆయన పేరు జూన్-యీ. మా ఆఫీసు పక్క బిల్డింగులో పని చేస్తారు. వచ్చే చలికాలంలో పెళ్ళి అనుకుంటున్నాం. ఇవాళ చెప్దామనే వచ్చాను. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు."

"చెప్పుల దగ్గర మొదలుపెట్టావుగా. పిన్నీ అని."

"కోపం వచ్చిందా?"

"కోపం ఎందుకు. నీకు ముప్పైనాలుగు కూడా లేవు. వాన పడే రోజున స్కూటరెక్కి పోయినవాడు వాడు. నువ్వెందుకు కూర్చోవాలి. అతనికి ఈ తొట్ల పిచ్చి ఉందా?"

"లేదు. ఎందుకిన్ని తీగలు అంటారు. కానీ బకెట్లు మోస్తారు."

"బకెట్లు మోస్తే చాలు. పైకి పిలు, వానలో ఎందుకు. పులుసు బోలెడుంది."

"ఆయన శాకాహారి."

"ఏంటీ?"

"చేపలు తినరు."

"చేప ఉండలు?"

"అవీ చేపేగా."

"ఎండు చేప పొడి? పులుసులో కొంచెం వేస్తాం, అంతే."

"అదీ తినరు పిన్నీ."

"కీలుంగ్ కోడలివి నువ్వు. మీ మామగారు ముప్పై ఏళ్ళు పడవ మీద చేపల వేటకి పోయాడు. పోయి పోయి చేప ముట్టనివాణ్ణి పట్టుకున్నావా?"

"నేను తింటాను. ఆయన పక్కన కూర్చుంటారు."

"పక్కన కూర్చుని ఏం చేస్తాడు?"

"ముళ్ళు తీసి పెడతారు."

"ముళ్ళు తీస్తాడా?"

"తీస్తారు."

"సరే. అనాస కేకులున్నాయి, వెళ్ళేటప్పుడు ఇస్తాను. గుడ్డు తింటాడా?"

"తింటారు."

"బతికించాడు."

"ముక్క సంగతి..."

"అదే అనుకుంటున్నాను. పెళ్ళి చేసుకుంటున్నావు, కొత్త ఇల్లు. ఇక్కడినుంచి తీసుకెళ్ళాల్సింది తీసుకెళ్ళిపోతే ఇక మళ్ళీ రానక్కర్లేదు. అంతేగా?"

"నేనలా అన్నానా?"

"అనలేదు. నేనే అంటున్నాను. కిటికీ దగ్గర నిలబడితే ఏవేవో మాటలొస్తాయి. ఇవాళ కోయడం కష్టం పేయ్‌షాన్. అది చర్మం వదులుతోంది. అప్పుడు కత్తి పెట్టకూడదు."

"చర్మం వదిలేటప్పుడు వేళ్ళు లోపలికి పోయి మైనం పూసినట్టుంటుంది. ఇది నిండా విచ్చుకుని ఉంది."

"పొద్దున్న వదిలింది. నీరసంగా ఉంటుంది."

"పిన్నీ."

"బ్లేడు కూడా తుప్పు పట్టింది."

"నేను కొత్తది తెచ్చాను. చేతి తొడుగులు కూడా."

"పంపు ఆపాలి, వాడు పంపు ఆపి కోసేవాడు. ఆ స్విచ్చి బిర్రుగా..."

"ఆపాను."

"ఆపేశావా. అందుకే ఇల్లంతా ఇలా అయిపోయింది. చెవిలో ఏదో తీసేసినట్టు."

"ఒక్క ముక్క చాలు. అంచున కొంచెం."

"అంచున. సరే. తొడుగులివ్వు. నేనే కోస్తాను, నువ్వు పట్టుకోకు. ఇక్కడ చాలా?"

"చాలు."

"కోస్తున్నాను."

"కోయండి."

"కోస్తున్నాను. ఇంత చాలు కదా? నువ్వు దీన్ని తీసుకెళ్ళి... మీ ఇంట్లో నీలం లైటు ఉందా?"

"ఉంది."

"రోజూ వేస్తావా?"

"రోజూ సాయంత్రం వేస్తాను."

"కోత దెబ్బ తిన్నాక కొన్నాళ్ళు వెలగదు. గావ్ చెప్పాడు. తర్వాత నీళ్ళు మారితే కూడా... వెలగకపోవచ్చు. నువ్వు చూసి..."

"మీరు ఇంకా బ్లేడు ఆనించనే లేదు."

"నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"బ్లేడు కింద పెట్టండి."

"కోయమన్నావుగా?"

"కోద్దాం. ముందు ఆ డబ్బా తెరవండి."

"కోయకుండా డబ్బా ఎందుకు?"

"తెరవండి. మీరే."

"ఇది... బరువుగా ఉందే. ఖాళీ అన్నావు."

"మూత తీయండి."

"నీళ్ళున్నాయి. సంచి. సంచిలో రాయి. దీని మీద... పేయ్‌షాన్, దీని మీద ఏముంది?"

"మీరు చూస్తున్నదే."

"నీది ముడుచుకుపోతోందన్నావు. పోతుందేమో అని భయంగా ఉందన్నావు."

"మా ఇంట్లోది బాగానే ఉంది. దాన్నుంచి కోసి ఈ రాయికి కట్టాను. బాగా అతుక్కున్నాక తెద్దామని ఆగాను. లేకపోతే ముందే వచ్చేదాన్ని."

"అయితే ఫోన్లో చెప్పింది అబద్ధమా?"

"మీరు ఎన్ని చెప్పారు. నేను ఒక్కటి చెప్పకూడదా?"

"నేనేం చెప్పాను?"

"పసుపు చేప."

"దాక్కుంది అన్నానుగా."

"నేనిక్కడ ఉండగానే పోయింది అది. మనిద్దరం కలిసి బాల్కనీలో ఉల్లి కుండీలో పూడ్చాం. మీరు దాని మీద అగరొత్తి పెడతానంటే నేను నవ్వాను. మీరు నాకు రెండేళ్ళ కిందటి ఫొటో పంపారు."

"చేపని చూసుకోలేదు నేను. పగడం ఒక్కటే చూసి పంపాను."

"అప్పుడే అనుకున్నాను, మీ దగ్గరున్నది పోయిందని. దీన్ని లోపల పెట్టండి. సంచిని కాసేపు నీళ్ళ మీద తేలనిచ్చి, తర్వాత. నేను చెప్తాను. కొంచెం కొంచెంగా తొట్టి నీళ్ళు ఈ సంచిలోకి పోయండి. అంతే. ఇప్పుడు ఆ మూల, ఎత్తు రాయి మీద."

"ఇక్కడేనా?"

"అక్కడే. ఆయన పెట్టిన చోటే."

"ముడుచుకునే ఉంది."

"కారులో ఊగి ఊగి వచ్చింది, ముడుచుకుంటుంది. ఇప్పుడు నీలం లైటు వేయండి."

"బల్బు..."

"బల్బుకేమీ కాలేదు. ప్లగ్గు ఊడదీసి కర్టెన్ వెనక దాచారు. తీగ బయటికి కనపడుతోంది."

"అన్నీ చూస్తావు. వాడూ ఇంతే. వేశాను."

"చూడండి. చివర్లు."

"ఎక్కడ?"

"వంగి చూడండి. అంచున, చుక్కలు చుక్కలుగా."

"ఆవగింజంత."

"రేపు తెరుచుకుంటే ఇంకా కనపడుతుంది."

"పచ్చగా ఉంది. వాడిదే. పేయ్‌షాన్, వాడిదే ఇది."

"ఆయనదే."

"కూర్చోనీ నన్ను. ఆ స్టూలు ఇలా జరుపు."

"నీళ్ళిమ్మంటారా?"

"వద్దు. ఎదురుగా ఇన్ని నీళ్ళున్నాయి. అబ్బా. మరి దీన్నేం చేయను? ఈ వంకాయ ముక్కని. వాడి పేరు చెప్పి ఇన్నాళ్ళు మేపాను. గావ్‌కి తిరిగిచ్చేస్తాను."

"ఎందుకివ్వడం? నాకు ముక్క కావాలని అడిగాను కదా. కోయండి."

"వాడిది మీ ఇంట్లో ఉండగా ఇదెందుకు? కొట్లో కొన్నది. వెలగను కూడా వెలగదు."

"పొద్దున్న వేళ్ళు ఎంత పొడుగున్నాయి, గొడుగు ఎటు వాలింది, ఎప్పుడు పడుకుంది అని ఆదివారం ఆదివారం నాకు చెప్పారు. అవన్నీ దేని సంగతి? అవి కూడా అబద్ధాలేనా?"

"కాదు. చూసే చెప్పేదాన్ని. ఫోను వచ్చే ముందు వచ్చి చూసేదాన్ని, నువ్వు అడిగితే చెప్పాలని. దీని సంగతే."

"ఇది మీరు పెంచింది. నాకిది కావాలి. మీ దగ్గర పోతే నా దగ్గర ఉంటుంది."

"దేనికైనా మాటలు నేర్చావు. అతనికి కూడా ఇలాగే చెప్పి ఉంటావు, బకెట్లు మోయడానికి."

"ఇంచుమించు."

"బ్లేడు ఇటివ్వు. ఇప్పుడు చూడు, ఎలా కోస్తానో. ఇలా వాలుగా, ఒక్క కోత. మళ్ళీ మళ్ళీ రుద్దకూడదు. చూశావా, మెత్తటి జున్నులా తెగింది. వాసన మాత్రం భరించలేం, మొహం పక్కకి పెట్టుకో."

"ఎక్కడ నేర్చుకున్నారు ఇంత బాగా?"

"గుమ్మంలో నిలబడి చూసేదాన్నిగా. జిగురు కారుతోంది, ఈ గిన్నెలో జాడించు. తొట్టి నీళ్ళతోనే, కుళాయి నీళ్ళు కాదు. ఆ రాయి ఇలా పట్టుకో. వెల్లుల్లి వచ్చిన వల సంచి ఉంది, కత్తిరించి ఉంచాను. పైన ఇలా కప్పి..."

"కత్తిరించి ఉంచారా? కోయకూడదు, చర్మం వదులుతోంది అన్నారు."

"పొద్దున్న ఇచ్చేద్దామనుకున్నాను. తర్వాత ఇవ్వలేననుకున్నాను. తర్వాత మళ్ళీ కత్తిరించాను. గట్టిగా బిగించకు, దానికి ఊపిరాడాలి."

"పిన్నీ, ఒకటి అడగనా?"

"అడుగు. వేలు తీయకు."

"మొదటిది ఎలా పోయింది?"

"పోయింది. వేడికి."

"వేడికా?"

"ఉప్పునీళ్ళు పోశాను. నీళ్ళు తగ్గినప్పుడల్లా పోశాను. సరేనా?"

"ఎవరు పోయమన్నారు?"

"ఎవరూ అనలేదు. సముద్రంలో ఉండేది కదా, ఉప్పునీళ్ళే పోయాలి అనుకున్నాను. ముసలి బుర్ర. అంతే. ఆ రబ్బరు బ్యాండు ఇటివ్వు."

"ఎవర్నీ అడగలేదా?"

"ఎవర్ని అడుగుతాను, ఇంట్లో ఎవరున్నారు. బ్యాండు ఇటివ్వమన్నానా."

"గావ్‌ని అడగలేదా?"

"వాడు తర్వాత చెప్పాడు, పోయకూడదని. అప్పటికే అయిపోయింది. ఇక ఆ సంగతి వదిలెయ్. అతను కింద ఎదురుచూస్తున్నాడు, కేకులు ఎక్కడ పెట్టానో..."

"ఇంతకుముందు మీరు మంచినీళ్ళే పోయాలి, మంచినీళ్ళే పోయాలి అని అంటూనే ఉన్నారు. ఫోన్లో కూడా ఈ మధ్య అదే మాట. పోయినవారం మీరు అలా అంటుంటే నాకు గుర్తొచ్చింది."

"ఏం గుర్తొచ్చింది? ఏమీ లేదు. తొడుగులు తీసి చేతులు కడుక్కో."

"ఆదివారం కాదు అది, మామూలు రోజు. మీ అంతట మీరు ఫోన్ చేశారు. కింద కారులో ఉన్నారే, ఆయనతో మొదటిసారి భోజనానికి కూర్చున్నాను. మీరు, నీళ్ళు తగ్గిపోయాయి, ఉప్పు కలిపి పోయనా అని అడిగారు. రెండుసార్లు అడిగారు."

"నాకేం గుర్తు లేదు."

"నేను వినలేదు. పోయండి, పోయండి అని ఫోన్ పెట్టేశాను. ఇన్నాళ్ళూ మీరు దాచింది మీ తప్పు కాదు, నా తప్పు, అమ్మా."